ఘంటసాలవారి పాట, నేటి గొంతులు

ఉగాది సభ ముగిసి, పచ్చడి, పులిహోర అయిన తరువాత మన హుబ్బళ్ళి తెలుగువారిలో ఏటా ఒక వాదు బయలుదేరుతుంది. వేదిక మీద ఏ కుర్రవాడో సెల్‌ఫోనులో వాద్యాల ట్రాకు పెట్టుకొని పాత పాట పాడతాడు. ముందు వరుసలోని పెద్దలు పెదవి విరుస్తారు. వెనుక వరుసలోని పడుచువారు అది చూచి నొచ్చుకొంటారు. ఘంటసాల ఎక్కడ, వీరెక్కడ అని ఒక పక్షము. ఎంతకాలము ఆ ఒక్క పేరే జపిస్తారని రెండవ పక్షము. ఈ రెండు పక్షాలవారును ఘంటసాలవారి జీవితమును నిదానించి చూచినట్లు మాకు తోచదు. అందుచేత వారి కథను ఈ సంచికకు వ్రాస్తున్నాము. మేము రైల్వే గుమాస్తాలమే గాని సంగీత విద్వాంసులము కాము. రాగలక్షణాలు కోరి ఈ పుట తిప్పినవారు మన్నించవలెను.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించేవారు, నారాయణతీర్థులవారి తరంగాలు పాడేవారు. తండ్రి పాడుతుంటే ఆయన భుజాల మీద, సభల మధ్య ఈ పిల్లవాడు అడుగులు వేసేవాడు. ఊరివారు ముద్దుగా బాలభరతుడని పిలిచారు. ఆ ముచ్చట ఎక్కువకాలము సాగలేదు. తండ్రి పోయేనాటికి వెంకటేశ్వరరావుగారు ఇంకా పిల్లవాడే. తల్లి రత్తమ్మగారిని, పిల్లలను మేనమామ ఆదుకొన్నారు. సంగీతము నేర్చుకొమ్మని తండ్రి చివరి కోరిక. నేర్పేవారికోసం పరుల ఇండ్లలో పనులు చేసి, అక్కడ చాకిరియే మిగిలి చదువు సాగక, చివరకు వ్రేలి ఉంగరము అమ్మి విజయనగరము బయలుదేరారని చెబుతారు.

గుడివాడ నుండి విజయనగరము దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. తీరా వెళ్ళేసరికి మహారాజావారి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామినాయుడుగారు జాలిపడి ఆవరణలో ఉండనిచ్చారు. కొంతకాలానికి ఆ నీడకూడా పోయింది. అప్పుడు గాత్రాచార్యులు పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి, పైకము పుచ్చుకోకుండా పాఠము చెప్పారు. పాఠము దొరికింది గాని అన్నము దొరకవద్దా? శాస్త్రిగారు కలిగినవారు కారు. అందుచేత వెంకటేశ్వరరావుగారు జోలె భుజాన వేసుకొని మధుకరము ఎత్తారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. తుమ్మెద పువ్వు పువ్వునా ఇంత తేనె తీసుకొన్నట్లు, చదువుకొనే పిల్లవాడు గడపగడపకు వెళ్ళి ఇంత అన్నము అడిగి తెచ్చుకోవడాన్ని మధుకరము అంటారు. ఒక పూట తెచ్చుకొన్నది రెండు పూటలకు సర్దుకొని, ఉదయము నాలుగు గంటలకు లేచి సాధన చేసి, ఆయన పట్టా పుచ్చుకొన్నారు. తరువాత సినిమాలలో విషాద గీతాలు పాడినప్పుడు ఆ గొంతులో వినిపించే తడి ఎక్కడిదని మమ్ము అడిగితే, విజయనగరం వీధులు చూపిస్తాము. ఇది మా ఊహ మాత్రమే సుమా.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము వచ్చింది. ఆయన దేశభక్తి గీతాలు పాడుతూ ఊళ్ళు తిరిగి అరెస్టయి, పద్దెనిమిది నెలలు జైలులో ఉన్నారు. ఆ జైలు ఏదనుకొన్నారు? బళ్ళారి అలీపురము జైలు. మన ఊరినుండి గుంతకల్లు వైపు బండి ఎక్కితే బళ్ళారి దాటకుండా పోలేము. ఆ స్టేషను మీదుగా పండుగలకు స్వస్థలాలకు పోయే మనవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

విడుదలైన తరువాత 1944లో సావిత్రిగారితో వివాహము జరిగింది. తన పెండ్లిలో తానే కచ్చేరీ చేసిన పెండ్లికొడుకు ఆయన. అత్తవారి ఊరు పెదపులివర్రు. సముద్రాల రాఘవాచార్యులవారిదీ ఆ ఊరే కావడం అదృష్టము. పాట విన్న ఆచార్యులవారు మదరాసు రమ్మన్నారు. వెళ్ళారు. ఆచార్యులవారి ఇల్లు ఇరుకు. వారికి భారము కాకూడదని రాత్రులు పానగల్ పార్కులో పడుకొనేవారట. గ్రామఫోను కంపెనీవారు ఒకరు ఈ గొంతు పనికిరాదని పంపివేశారు కూడా. రేడియోలో పాటలు, సినిమాలలో బృందగానాలు, చిన్నచిన్న వేషాలు. 1945లో స్వర్గసీమ చిత్రంలో భానుమతిగారితో పాడిన తరువాతగాని దారి తెరచుకోలేదు. 1949లో మనదేశము, 1951లో పాతాళభైరవి చిత్రాలకు సంగీతము కూర్చారు. 1953లో సుబ్బరామన్‌గారి సంగీతంలో దేవదాసుకు పాడారు. 1957లో మాయాబజారు, 1963లో లవకుశ. ఈ జాబితా మనవారిలో ప్రతి ఇంటికీ కంఠస్థము గనుక ఇంతటితో వదలివేస్తున్నాము.

వాదులో మరచిపోయే విషయము ఇప్పుడు చెబుతాము. ఘంటసాలవారు వచ్చిననాడు ఆయనే కొత్త గొంతు. అంతకుముందు తెలుగువారికి పాట అంటే ముఖ్యంగా నాటక పద్యము. ఈలపాట రఘురామయ్యగారు, బందా కనకలింగేశ్వరరావుగారు, అద్దంకి శ్రీరామమూర్తిగారు వంటి మహామహులు పద్యము ఎత్తుకొంటే ఆఖరు పాదము మీద రాగము దీర్ఘంగా సాగేది, జనము వన్స్‌మోర్ కొట్టేవారు. మైకులు లేని పందిళ్ళలో చివరి చాపమీద కూర్చున్న మనిషికి వినిపించాలంటే ఆ గళము, ఆ సాగదీత కావలసినవే. దానిని మేము తక్కువ చేయము. అయితే మైకు వచ్చింది. గ్రామఫోను ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషాలకు కొంచెము పైన పడుతుంది. ఆ కొలతలో ఘంటసాలవారు పద్యమును కొత్తగా కోశారు. రాగము కొంచెమే తీసి, సమాసము ఎక్కడ విరవాలో అక్కడే విరిచి, అర్థము చెవిలో పడిన తరువాతనే ఆలాపన వేశారు. గొంతు చించుకోలేదు, పక్కన కూర్చున్నవానికి చెప్పినట్లు పాడారు. కరుణశ్రీగారి పుష్పవిలాపము ఆయన రికార్డుగా ఇచ్చినప్పుడు, పుస్తకము ఎరుగని ఇండ్లలోకి కూడా ఆ పద్యాలు వెళ్ళాయి. పందిట్లో తెల్లవార్లు పద్యము విన్న ఆనాటి ముసలివారికి ఇది మరీ పొట్టిగా, మెత్తగా తోచి ఉండవచ్చు. నాటక పద్యములాగా లేదని వారి మాటకు జడిసి ఆయన ఊరుకొని ఉంటే ఈనాడు మనము ఎవరి పేరు చెప్పి పిల్లలను బెదిరించేవారము?

బెదిరించడమనే మాట ఊరికే అనలేదు. రెండేండ్ల క్రిందట ఒక కుర్రవాడు మన వేదిక మీద పాత పద్యము పాడాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతాడు గాని అక్షరాలు రావు. కన్నడ లిపిలో వ్రాసుకొని వచ్చాడు. గొంతు సన్నము, శ్రుతి కూడా ఒకచోట జారింది. అయితే ఒక్క ఒత్తు నలగలేదు, ఒక్క సమాసము తప్పుచోట విరగలేదు. దిగివచ్చిన తరువాత పెద్దలొకరు నలుగురి ఎదుట ఘంటసాల గొంతు వాడికి రాలేదని తేల్చివేశారు. మరుసటి ఏడు ఆ పిల్లవాడు పేరు ఇవ్వలేదు. అడిగితే పరీక్షలన్నాడు. కచేరీలో ఫైలు పోతే వెదకి పట్టుకొంటాము. ఇటువంటి పిల్లవాడు పోతే ఎక్కడ వెదుకుతాము? వానికి ఆ పద్యము ఎవరు నేర్పారని విచారించాము. ఎవరూ కాదు, ఫోనులో ఘంటసాలవారి పాటే పదేపదే విని నేర్చుకొన్నాడు.

ఘంటసాలవారు ఒకే గొంతుతో అందరికీ పాడలేదు. రామారావుగారికి పాడినప్పుడు ఒక నిండుతనము, నాగేశ్వరరావుగారికి పాడినప్పుడు ఒక సున్నితము. కళ్ళు మూసుకొన్నా తెరమీద ఎవరో తెలుస్తుంది. 1969లో ఏకవీర చిత్రంలో, అప్పటికి మూడేండ్ల క్రిందట రంగంలోకి వచ్చిన బాలసుబ్రహ్మణ్యముగారు ఆయనతో కలిసి ఒక పాట పాడారు. దానిని వినండి. పెద్దాయన గొంతును చిన్నాయన అనుకరించలేదు. ఘంటసాలవారిని గురువుగా తలచినవారే తన దారిని తాను పాడారు. అందుకే 2020లో ఆయన పోయినప్పుడు కూడా మన ఇండ్లలో అంత దుఃఖము కలిగింది. నేటి పాటలలో మాకు నచ్చనివి లేవని కాదు. వాద్యాల హోరులో మాట వినిపించకపోతే మేమూ విసుగుకొంటాము. కాని ఆ తప్పు గొంతుది కాదు.

మన కన్నడ మిత్రులకు కూడా ఘంటసాలవారిలో వాటా ఉన్నది. 1965లో వచ్చిన కన్నడ సత్య హరిశ్చంద్రలో కులాల హెచ్చుతగ్గులను ప్రశ్నించే పాట ఆయన పాడినదే. మా ఆఫీసులో ఒక కన్నడ మిత్రులు దానిని పాడుతూ, గాయకుడు తెలుగువాడని మేము చెప్పేవరకు ఎరుగరు. మదరాసులో కాపురముండి, కర్ణాటకంలో జైలుకు వెళ్ళి, కన్నడంలో పాడిన ఆ మనిషి మనవంటి వలసవాడే గదా.

1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చింది. 1971లో అమెరికా, ఐరోపా దేశాలలో కచ్చేరీలు చేసి వచ్చారు. అప్పటికే చక్కెర వ్యాధి ఉన్నది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. భగవద్గీత పాడాలన్నది ఆయనకు చిరకాలపు కోరిక. ఆస్పత్రినుండి వచ్చి శ్లోకాలు ఎన్నుకొని, తెలుగు తాత్పర్యముతో సహా రికార్డు చేశారు. యౌవనంలోని ధాటి ఆ గొంతులో కొంత తగ్గింది. మాట మాత్రము ఎక్కడా తొట్రుపడలేదు. ఈ రోజులలో ఎవరైనా పోయిన ఇంటిముందే ఆ రికార్డు పెట్టే అలవాటు పడింది. వినగానే పిల్లలు ఎవరు పోయారని అడుగుతున్నారు. ఆయన చావుకోసం పాడలేదు. ఉదయము పూట, బండి వేళకు ముందు, మేము మా ఇంట పెట్టుకొంటున్నాము. మొదట పక్కింటివారు కంగారుపడి పలకరించవచ్చారు, ఇప్పుడు అలవాటయింది.

1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన మదరాసు ఆస్పత్రిలో ఘంటసాలవారు కన్నుమూశారు. వయస్సు యాభై ఒకటి.