ఎడారికి వచ్చిన నీరు – వెంట వచ్చిన మలేరియా : సర్ రొనాల్డ్ రాస్ జీవితంలో ఇస్మాయిలియా ఘట్టం

హైదరాబాద్, ఆగస్టు 20 (ప్రత్యేక వ్యాసం): సికింద్రాబాద్ సమీపాన బేగంపేటలో 1897 ఆగస్టు 20న సర్ రొనాల్డ్ రాస్ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సంగతి విదితమే. దోమలచేత కుట్టించుకొనేందుకు అంగీకరించిన హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున చెల్లించిన వైనం కూడా మన పాత్రికేయులు ఏటా రాస్తున్నదే. అయితే ఆ పరిశోధన ఒక ఎడారి పట్టణాన్ని ఏ విధంగా ఆదుకొన్నదో అంతగా ప్రచారంలోకి రాలేదు.

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. లండన్‌లో వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. సికింద్రాబాద్ విజయం వెలువడిన కొద్ది వారాలకే ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. ఆ ప్రాంతంలో మలేరియా రోగులు దొరకడమే అరుదు. పరిశోధకునికి అంతకు మించిన శిక్ష ఉండబోదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పని చేసి, దోమ లాలాజల గ్రంథుల ద్వారా వ్యాధి సంక్రమిస్తుందని నిరూపించారు. మరుసటి ఏడాది సర్వీసు విడిచి లివర్‌పూల్ చేరారు.

ఈజిప్టులోని ఇస్మాయిలియా సూయజ్ కాలువ నిర్మాణ కాలంలో, 1863లో, ఇసుక నేలపై వెలసిన పట్టణం. నైలు నది నుంచి మంచినీటి కాలువ రావడంతో తోటలు, చెట్లు పెరిగాయి. 1877లో మలేరియా ప్రవేశించింది. పదేళ్లు తిరగకముందే జ్వరం బారిన పడని కుటుంబం దాదాపు లేకుండా పోయింది. ఎండిన గాలిలో దోమ ఎక్కువ రోజులు బతకదు. దానిలో పరాన్నజీవి పక్వానికి రావడానికి సుమారు పది రోజులకు పైగా పడుతుంది. నీరు, నీడ, తేమ ఏర్పడితే ఆ గడువు దోమకు లభిస్తుంది. మెట్ట ప్రాంత ప్రజలలో వ్యాధి నిరోధక శక్తి తక్కువ కావడంతో నష్టం మరింత అధికమవుతుంది.

సూయజ్ కాలువ కంపెనీ ఆహ్వానంపై రాస్ 1902 సెప్టెంబరులో ఇస్మాయిలియా వెళ్లారు. అనాఫిలిస్ దోమలు ప్రధానంగా ఊటనీరు నిలిచిన లోతులేని గుంటలలోను, తోటల నీటి బోదెలలోను పెరుగుతున్నట్లు గుర్తించారు. గుంటలను ఇసుకతో పూడ్చడం, బోదెలలో కలుపు తీసి నీరు పారేట్లు చూడడం, మురుగుగుంటలలో కిరోసిన్ చల్లడం ఆయన సూచనలు. 1902లో 1,551గా ఉన్న జ్వర కేసులు 1903లో 214కు, 1905లో 37కు తగ్గాయి. ఆ 1902లోనే ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

లాహోర్ సమీపంలోని మియాన్‌మీర్ కంటోన్మెంటులో మాత్రం కథ వేరు. కాలువ నీటితో తోటలు తడిపే ఆ ప్రాంతంలో జేమ్స్, క్రిస్టోఫర్స్ చేపట్టిన దోమల నిర్మూలన ఆశించిన ఫలితమివ్వలేదు. పని పరిధి, ఖర్చు చాలలేదని రాస్ వాదించారు. వివాదం ఏళ్ల తరబడి సాగింది. ఒకే కంపెనీ అజమాయిషీలోని చిన్న పట్టణంలో సాధ్యమైనది, మైళ్ల కొద్దీ పంటబోదెలున్న ఆయకట్టులో సులభం కాదన్నది వాస్తవం. పారే బోదెల అంచులలో సైతం పెరిగే దోమజాతి మన దేశంలో ఉన్నది. కాలువ పనుల అంచనాలలో మురుగు కాలువల పద్దు చివరన ఉండి, కోత పడినప్పుడు ముందుగా పోవడం అధికారులకు తెలియని సంగతి కాదు.

1911లో సర్ బిరుదు పొందిన రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఈజిప్టును మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ధ్రువీకరించింది. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది.