ఎడ్వర్డ్ విల్సన్

ఎడ్వర్డ్ ఏడ్రియన్ విల్సన్ (జూలై 23, 1872 - మార్చి, 1912) అంటార్కిటికా సీల్‌లను శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం జంతు శాస్త్రజ్ఞులలో ఒకడు. ఈయన వైద్యుడు, చిత్రకారుడు కూడా.

'''జీవితం'''

విల్సన్ ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించాడు. కేంబ్రిడ్జిలోను, లండనులోను చదివి వైద్యుడయ్యాడు. 1898లో క్షయవ్యాధి సోకినా కోలుకొని, 1901-04 మధ్య రాబర్ట్ స్కాట్ నాయకత్వాన జరిగిన డిస్కవరీ యాత్రలో పాల్గొన్నాడు. ఆ యాత్రలో స్కర్వీ వ్యాధి వచ్చినపుడు తాజా సీల్ మాంసం యాత్రికులకు ప్రాణాధారమైంది.

'''సీల్‌ల అధ్యయనం'''

ఈయన పరిశీలించిన వాటిలో ముఖ్యమైనది వెడెల్ సీల్. ఇది శీతాకాలంలో సముద్రంపై గడ్డకట్టిన మంచును పళ్ళతో కోసి, ఊపిరి పీల్చుకొనే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుంటుంది. అందువలన దీని పళ్ళు అరిగిపోతాయి.

క్రాబీటర్ సీల్‌ల ఒంటిమీది పొడవాటి మచ్చలు కిల్లర్ వేల్ దాడుల గుర్తులని విల్సన్ 1907లో ప్రచురితమైన నివేదికలో అభిప్రాయపడ్డాడు. అవి ఎక్కువగా లెపర్డ్ సీల్ పంటిగాట్లని 1970లలో తేలింది. కారణం విషయంలో పొరబడినా, మచ్చలను గమనించి నమోదు చేయడం వలననే ఆ ప్రశ్న తరువాతి పరిశోధకులకు అందింది.

'''మరణం, తరువాత'''

1912 జనవరిలో స్కాట్ బృందంతో దక్షిణ ధ్రువం చేరిన విల్సన్, తిరుగు ప్రయాణంలో చలికి, ఆకలికి మరణించాడు. ఈయన పనిచేసిన మెక్‌మర్డో ప్రాంతంలోనే, వెడెల్ సీల్‌లకు గుర్తుబిళ్ళలు తగిలించి ఏటేటా లెక్కించే అధ్యయనం 1960ల చివర మొదలై దశాబ్దాలపాటు సాగింది.