కుజుని చిట్టా వ్రాసిన ఫ్లామరియన్

ఫ్రాన్సుదేశమున మోంతిన్యీ అను చిన్న యూర 1842 ఫిబ్రవరి 26వ తేదీని కమీల్ ఫ్లామరియన్ జన్మించెను. కలిమి లేని కుటుంబము. పారిసునగరమునకు వచ్చిన పిదప బాలుడు చెక్కడపు పనివానియొద్ద పని నేర్చుకొనుచు, రాత్రులు చదువుకొనుచుండెను. జబ్బుపడినప్పుడు చూడవచ్చిన వైద్యుడు, సృష్టిక్రమమును గూర్చి ఆ బాలుడు వ్రాసికొన్న పెద్ద వ్రాతప్రతిని చూచి ఆశ్చర్యపడి సిఫారసు చేయగా, 1858లో పదునారేండ్ల ప్రాయమున పారిసు వేధశాలలో గ్రహగణితము చేయు కొలువు దొరకెను.

ఆ వేధశాలకు అధిపతి లెవెర్యే. నెప్ట్యూన్ గ్రహము ఆకాశమున ఏ తావున నుండవలెనో కాగితముపై గణితము చేతనే నిర్ణయించిన ఘనుడు. 1862లో ఇరువదేండ్ల ఫ్లామరియన్, లోకములు పెక్కు కలవనియు, వానిలో ప్రాణులు వసించుచుండవచ్చుననియు ఒక గ్రంథము ప్రకటించెను. గ్రంథమునకు పేరు వచ్చెను, కొలువు పోయెను.

మన పంచాంగములలో కుజుడు పెండ్లిసంబంధములు చెఱచుటకే పేరుపడెను. ఐరోపాలో 1877లో వేఱొక విధముగా వార్తకెక్కెను. ఆ యేట కుజుడు భూమికి మిగుల చేరువ కాగా, ఇటలీ పండితుడు స్కియాపరెల్లి ఆ గ్రహముపై సన్నని గీతలు చూచి, వానికి తన భాషలో కనాలీ అని పేరిడెను. ఆ మాటకు సహజమైన పాయ అనియు, త్రవ్విన కాలువ అనియు అర్థములు కలవు. ఇతర భాషలవారు రెండవ అర్థమునే పట్టుకొనిరి. కాలువలున్నచో త్రవ్వినవారుండవలెను గదా! కృష్ణా గోదావరుల కాలువలక్రింద సేద్యము చేయువారికి ఈ తర్కము వింతగా తోపదు.

ఈ తర్కమునకు లోబడినవారిలో ఫ్లామరియన్ మొదటి వరుసవాడు. అయినను ఆయన నమ్మి యూరకుండలేదు. 1882లో ఖగోళవిషయములకై ఒక మాసపత్రికను నెలకొల్పెను. ఒక అభిమాని దానమిచ్చిన భవనమున, పారిసునకు దక్షిణమునగల జువీసీలో, 1883లో సొంత వేధశాలను ఏర్పఱచెను. 1887లో ఫ్రెంచి ఖగోళసమాజమును స్థాపించి, పండితులనేగాక ఆసక్తిగల సామాన్యులను గూడ చేర్చుకొనెను. దేశదేశముల పరిశీలకుల పటములు, నివేదికలు పత్రికలోని కెక్కుచుండెను. ఇట్టివి కొన్నాళ్లకు పొట్లములు కట్టుటకు పోవుట లోకరీతి.

ఆయన పోనీయలేదు. 1892లో వెలువడిన కుజగ్రంథమున, 1636లో నేపుల్సునగరమున ఫొంతానా చేసిన పరిశీలన మొదలుకొని, 1659నాటి హైగెన్స్ చిత్రము, హెర్షెల్ చూచిన ధ్రువముల తెలుపు, ఇట్లు వరుసగా ఎవరు, ఏనాడు, ఏమి చూచిరో ఆఱువందల పుటలలో కూర్చెను. బొమ్మలే 580. కాలువలు చూచితిమన్నవారి పటములతోపాటు, వెదకినను కానరాలేదన్నవారి సాక్ష్యమును అందు గలదు. తన పక్షమునకు నష్టమని దానిని దాచలేదు. కలము తన చేతిలోనే యుండగా అది ఎంత కష్టమో లెక్కలు వ్రాసినవారెఱుగుదురు.

ఆనాటి మోజు ఎట్టిదనగా, అన్యలోకవాసులతో మొదట సంభాషించినవారికి లక్ష ఫ్రాంకుల బహుమతి 1900లో పారిసున ప్రకటింపబడెను. కుజుని మాత్రము మినహాయించిరి, అది మిక్కిలి సులువని!

జువీసీలో ఆయనక్రింద పనిచేసిన ఆంటోనియాడియే 1909లో మ్యూడాన్ వేధశాలలోని 83 సెంటీమీటర్ల దూరదర్శినితో చూచి, ఆ గీతలు గీతలు కావనియు, విడివిడి మచ్చలను కన్ను కలిపి చూచుటచే నట్లు తోచుననియు తేల్చెను. ఆ పరిశీలన ఫ్లామరియన్ స్థాపించిన సమాజపు పత్రికలోనే అచ్చయ్యెను. కుజునిపై ప్రాణులుందురను ఆశను మాత్రము ఆయన విడువలేదు. ఈ విషయమున ఆయన మనసు కలముకంటె మెత్తనిది.

1925 జూన్ 3వ తేదీని జువీసీలోనే మరణించెను. వేధశాల తోటలోనే సమాధి చేసిరి. తానును ఖగోళశాస్త్రము నెఱిగిన రెండవ భార్య గాబ్రియేల్ 1962లో మరణించువఱకు ఆ వేధశాలను కనిపెట్టుకొని యుండెను. 1965లో అమెరికావారి మారినర్ 4 నౌక కుజుని చెంతనుండి పంపిన ఛాయాచిత్రములలో కాలువలు లేవు. గుంటలు పడిన బీడునేల కనబడెను. అయినను కుజునిపై పూర్వము ఏయే యేండ్ల ధూళితుఫానులు రేగెనో తెలియగోరు శాస్త్రజ్ఞులు ఆనాటి పరిశీలకుల బొమ్మలనే తిరగవేయుచున్నారు.