నరసింహారావుగారి తొలి వేషము

నాటక సమాజములలో నటు నెన్నుకొనునపుడు పద్యము పాడించి, నడక చూచి, పిదప పాత్ర నిచ్చుట వాడుక. స్థానం నరసింహారావుగారికి అట్టి వ్యవధి చిక్కలేదు. వారు 1902వ సంవత్సరమున బాపట్లలో జన్మించిరి. 1921లో ఆ యూర హరిశ్చంద్ర నాటకమునకు సర్వము సిద్ధమైన తరుణమున చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు పూరించుటకు నిలిచినవారు, ఇరువదేండ్లైనను నిండని నరసింహారావుగారు. ఇంటిపేరు సార్థకమైన దనవలెను. శ్రుతి తప్పినచో దిద్దుకొనుటకు మరునాడు లేదు. పరీక్షకులు ఎదుట కూర్చున్న ప్రేక్షకులే. నాటి ఆ వేషముతో ఆయన జీవితమార్గమే మారిపోయెను.

పురుషుడు స్త్రీ వేషము ధరించుట ఆ రోజులలో వింత కాదు. చూచువారు ఆ సంగతి మరచిపోవుటయే వింత. తెనాలి శ్రీరామవిలాస సభలో చేరిన పిదప ఆయన ఆ వింతను నిత్యకృత్య మొనర్చిరి. రాగము సాగదీసి పాత్రను మరచు గాయకనటులకు కొదువలేని కాలమది. నరసింహారావుగారి పాట పాత్రకు లోబడి నడచెను. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా ఆయన పాడిన సుప్రసిద్ధ గీతమును స్వయముగా రచించుకొనిరి. సత్యభామ గర్వము వేరు, కన్యాశుల్కములోని మధురవాణి నేర్పు వేరు. రోషనార, దేవదేవి మరియొక తీరు. ఒకరి నీడ వేరొకరిపై పడనీయలేదు.

1956లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను. తన అనుభవములను 'నటస్థానము' అను గ్రంథమున వ్రాసి యుంచి, 1971లో కీర్తిశేషులైరి.