డొక్కా సీతమ్మగారి గాదె

మా రావులపాలెం దాటి కోనసీమలోకి వెళ్తే లంకల గన్నవరం వస్తుంది. 1841లో మండపేటలో పుట్టిన సీతమ్మగారు అక్కడి రైతు డొక్కా జోగన్నగారిని పెళ్లాడి ఆ వూరొచ్చారు. గోదావరి దాటే బాటసారులు ఏ వేళ గుమ్మంలో నిలబడినా వండి వడ్డించేవారు.

అదీ సేద్యం మీద నడిచిన ఇల్లే. మా అమ్మ గాదె వంక చూసుకునే ఎసట్లో బియ్యం పోస్తుంది. వరదొచ్చిన ఏడు ఆ చెయ్యి ఇంకా బిగుస్తుంది. రైతుబిడ్డలకి నే చెప్పాలా! సీతమ్మగారు మాత్రం ఆస్తి తరిగిపోతున్నా చెయ్యి బిగించలేదు. జోగన్నగారు అడ్డు చెప్పకపోవడం ఇంకా విశేషంగా తోస్తుంది నాకు.

1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవానికి ఢిల్లీ రమ్మంటే పొయ్యి వదిలి వెళ్లలేదావిడ. 1909లో కన్నుమూశారు. 2024లో బళ్లలో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. మా తమ్ముడు తినేది ఆ అన్నమే.