పురుగు మెదడు గుట్టు విప్పిన స్తెఫాన్ కొపెచ్

మహదేవపూర్, చెన్నూరు పేర్లు వినగానే మన ఇళ్లలో ఆడవాళ్లకు గుర్తొచ్చేది దసలి పట్టు. (పట్టు మగవారికి తగదని పెద్దలు చెబుతారు గనుక ఆ ముచ్చట వారికే వదిలేద్దాం.) ఒకప్పుడు ఇవి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఊళ్లు. 2016లో జిల్లాలు విడిపోయాక ఒకటి భూపాలపల్లి కిందికి, మరొకటి మంచిర్యాల కిందికి వెళ్లాయి. దసలి పురుగు మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో పెరగదు. అడవిలో మద్దిచెట్ల మీద ఆకు తిని అక్కడే కాయ కడుతుంది. పిట్టలు, చీమలు తినిపోకుండా రైతు కుటుంబం చెట్ల కింద కాపలా కాయాలి.

కాపలాకన్నా కష్టమైనది విత్తనం. చలికాలపు కాయల్లోని ప్యూపా నెలల తరబడి నిద్రపోయి, వానలు పడ్డాక చిలుకై బయటికి రావాలి. కొన్ని ఎండాకాలంలోనే, తోడు లేకుండా బయటపడతాయి. జత కుదరదు, గుడ్లు రావు. కాయకు రంధ్రం పడి, దాని విలువా పడిపోతుంది. ఇంతకీ ఈ నిద్రను, మెలకువను నడిపేది ఎవరు? ఆ దారిలో మొదటి అడుగు వేసినవాడు పోలండ్ శాస్త్రజ్ఞుడు స్తెఫాన్ కొపెచ్.

ఆయన 1888లో పుట్టారు. అప్పటికి ఆయన దేశం ప్రపంచ పటంలో లేదు; మూడు సామ్రాజ్యాలు దాన్ని పంచుకున్నాయి. క్రాకోవ్‌లో చదువుకుని, ఐరోపా అడవుల ఆకులను తినేసే జిప్సీ చిలుక గొంగళిపురుగులను పరిశోధనకు ఎంచుకున్నారు. ఆయన పనిముట్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక దారం, ఒక చిన్న కత్తి.

గొంగళిపురుగు నడుముకు దారంతో గట్టిగా ముడి వేశారు. ముందుగా ముడి వేస్తే తల ఉన్న సగమే ప్యూపాగా మారింది, వెనుక సగం పురుగుగానే ఉండిపోయింది. ఆలస్యంగా వేస్తే రెండు సగాలూ మారాయి. అంటే ముందు భాగం నుంచి రక్తంలో కలిసి ఏదో వెనక్కి ప్రయాణిస్తోందన్నమాట. అది నరాల ద్వారా పోతోందేమోనని నరాల తాడును తెంపి చూశారు. మార్పు ఆగలేదు. ఆ తర్వాత మెదడునే తీసేశారు. ఆఖరి కుబుసం విడిచిన 7వ రోజుకే తీస్తే పురుగు బతికే ఉంది గాని ప్యూపా కాలేదు. 10వ రోజు తర్వాత తీస్తే మామూలుగానే మారింది. అప్పటికే మెదడు తన పని ముగించిందన్నమాట.

నరాలు సందేశాలు మోస్తాయే తప్ప మందు తయారుచేయవని నమ్మే కాలమది. 1917లో ఒకసారి, 1922లో ఇంగ్లీషులో మరోసారి కొపెచ్ తన ఫలితాలు ప్రకటించినా పట్టించుకున్నవారు తక్కువ. ఆయన పువావీ వ్యవసాయ పరిశోధన సంస్థలో, తర్వాత వార్సా విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

1939లో జర్మన్ సేనలు పోలండ్‌ను ఆక్రమించాయి. 1941 మార్చి 7న నాజీలకు కొమ్ముకాసిన ఒక నటుణ్ణి పోలిష్ రహస్య దళం చంపింది. దానికి బదులుగా మార్చి 11న వార్సా పక్కన పాల్మిరీ అడవిలో 21 మంది బందీలను కాల్చేశారు. అందులో కొపెచ్ ఒకరు. ఆ హత్యతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. చదువుకున్నవారిని ఏరివేయడం నాజీల పద్ధతి. పాల్మిరీ సమాధుల్లో అలాంటివారు చాలామంది.

ఆయన మొదలుపెట్టిన పనిని ఇతరులు ముందుకు తీసుకెళ్లారు. 1954లో జర్మన్ శాస్త్రజ్ఞులు 500 కిలోల పట్టు ప్యూపాల నుంచి కేవలం 25 మిల్లీగ్రాముల హార్మోన్ తీయగలిగారు. మెదడు ఆజ్ఞ అందుకున్న గ్రంథి నుంచి వెలువడి పురుగును మార్చేది అదే. మెదడు పంపే అసలు హార్మోన్‌కు జన్యువును జపాన్‌వారు 1990లో పట్టుకున్నారు.

మన దసలి పురుగుకు చైనాలో దగ్గరి చుట్టం ఒకటుంది, ఓక్ చెట్ల మీద పెరుగుతుంది. 1964లో అమెరికాలో విలియమ్స్, ఆడ్కిసన్ దాని ప్యూపా మెదడును తీసి తోకవైపు అమర్చారు. అప్పటిదాకా పగటి పొడవును తలవైపు నుంచి గుర్తించిన ప్యూపా, ఆ తర్వాత తోకవైపు నుంచి గుర్తించింది. వెలుగును చూసి నిద్ర ఎప్పుడు విడవాలో లెక్కగట్టేది కళ్లు కాదు, ఆవగింజంత మెదడే. విత్తనపు కాయలను ఎంత చలిలో, ఎంత వెలుగులో ఉంచాలన్న లెక్కలు ఈ జ్ఞానం మీదే నిలబడతాయి.