డీజే బాక్సుల మీద కనిపించే ‘జేబీఎల్’.. ఆ మూడక్షరాల వెనక ఉన్న మనిషి కథ ఇదీ!

పెళ్లి బరాత్ కానివ్వండి, వినాయక నిమజ్జనం కానివ్వండి, బతుకమ్మ ఆటలు కానివ్వండి.. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు డీజే బండి కదిలిందంటే చాలు, బాక్సుల మీద ఆ మూడక్షరాలు కనబడతాయి. జేబీఎల్. కొన్ని బాక్సుల్లో లోపల ఉన్నది నిజంగానే ఆ కంపెనీ స్పీకర్, ఇంకొన్నింటికి అంటించింది స్టిక్కర్ మాత్రమే. అది వేరే సంగతి. జేబులో పట్టే బ్లూటూత్ స్పీకర్ మీద, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్ మీద కూడా అదే పేరు. కానీ ఆ పేరు ఒక మనిషిదని, ఆ మనిషి అప్పుల బాధతో 47 ఏళ్లకే తన ప్రాణం తానే తీసుకున్నారని చాలామందికి తెలియదు.

ఆయనే జేమ్స్ బులో లాన్సింగ్. ఆయన పేరుతో నడుస్తున్న కంపెనీ 1970 నాటి తన సూపర్ హిట్ స్పీకర్ ఎల్100ను 2018లో కొత్తగా తయారు చేసి మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్నుంచి ఆడియో పిచ్చోళ్ల మధ్య ఒకటే పంచాయితీ. పాతది గొప్పదా, కొత్తది గొప్పదా? ఆ పంచాయితీ దగ్గరికి తర్వాత వద్దాం. ముందు మనిషి సంగతి చూద్దాం.

బొగ్గు గనుల ఇంట్లో పుట్టిన పిల్లాడు

లాన్సింగ్ అసలు ఇంటిపేరు మార్టీని. 1902 జనవరి 14న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మకూపిన్ కౌంటీలో పుట్టారు. తండ్రి హెన్రీ మార్టీని బొగ్గు గనుల ఇంజినీర్. భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో పెరిగిన వాళ్లకు ఆ వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. గని ఎటు మారితే కుటుంబం అటు. పద్నాలుగు మంది పిల్లల్లో ఈయన తొమ్మిదోవాడు.

చిన్నప్పుడే కరెంటు మీద మోజు. పదేళ్ల వయసులోనే లేడెన్ జార్ తయారు చేసి, దాంతో తోటి పిల్లలకు షాక్ కొట్టించి నవ్వుకునేవాడట. కరెంటును కాసేపు దాచిపెట్టుకునే గాజు సీసా లాంటిదే ఈ లేడెన్ జార్. ఆ తర్వాత సొంతంగా ఓ చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టేశాడని, దాని సిగ్నల్ నేవీ స్టేషన్ దాకా వెళ్లడంతో వాళ్లొచ్చి విప్పించేశారని కూడా చెబుతారు. నిజమెంతో గానీ, పిల్లాడి చేతులు ఊరుకునే రకం కాదని మాత్రం తెలుస్తుంది.

పెద్ద చదువులేం లేవు. కార్ల మెకానిక్‌గా పనిచేశారు. ఆయన పనితనం చూసి యజమానే డెట్రాయిట్‌లోని మెకానిక్ స్కూల్‌కు పంపించారు. 1924లో తల్లి చనిపోయాక ఇల్లు వదిలి సాల్ట్ లేక్ సిటీ చేరారు. అక్కడ రేడియో స్టేషన్‌లో పని. అక్కడే గ్లెన్నాతో పరిచయం, 1925లో పెళ్లి. కెన్ డెకర్ అనే స్నేహితుడు దొరికింది కూడా ఆ ఊళ్లోనే. ఈ డెకర్ పేరు గుర్తు పెట్టుకోండి. లాన్సింగ్ జీవితం తలకిందులైంది ఆయన పోయాకే.

సినిమా హాలుకు గొంతు ఇచ్చినోడు

1927లో ఇద్దరూ లాస్ ఏంజెలెస్ వెళ్లి లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టారు. జేమ్స్ మార్టీని కాస్తా జేమ్స్ బులో లాన్సింగ్ అయింది ఆ రోజుల్లోనే. డెకర్ లెక్కలు, వ్యాపారం చూసుకుంటే లాన్సింగ్ వర్క్‌షాప్ దాటి బయటికి వచ్చేవారు కాదు. మొదట్లో రేడియో సెట్లకు ఆరు, ఎనిమిది అంగుళాల స్పీకర్లు చేసి అమ్మేవారు.

సరిగ్గా అదే టైంలో సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది. కానీ హాళ్లలో సౌండ్ ఏమంత బాగుండేది కాదు. ఎంజీఎం స్టూడియో సౌండ్ విభాగం హెడ్ డగ్లస్ షీరర్‌కు అప్పటి స్పీకర్లు అస్సలు నచ్చలేదు. మనమే ఒకటి చేద్దాం అనుకుని జాన్ హిలియార్డ్ లాంటి ఇంజినీర్లతో టీమ్ కట్టారు. స్పీకర్ యూనిట్లు తయారు చేసే పని లాన్సింగ్ కంపెనీకి వచ్చింది. అలా పుట్టిందే షీరర్ హార్న్. బేస్‌కు ఒక భాగం, పై స్వరాలకు ఇంకో భాగం. ఈ సిస్టమ్‌కు అకాడమీ టెక్నికల్ అవార్డు కూడా వచ్చింది. ఇవాళ డీజే బండి మీద కింద పెద్ద బాక్సులు, పైన హార్న్‌లు పేర్చి ఉంటాయి కదా, పని పంచుకునే ఆ పద్ధతి వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

అంతా బాగుందనుకునే సరికి 1939లో కెన్ డెకర్ విమాన ప్రమాదంలో చనిపోయారు. లాన్సింగ్‌కు స్పీకర్ తెలుసు, బ్యాంకు తెలీదు. రెండేళ్లలో కంపెనీ అప్పుల్లో పడింది. 1941లో ఆల్టెక్ అనే సంస్థ 50 వేల డాలర్లకు దాన్ని కొనేసింది. కొత్త పేరు ఆల్టెక్ లాన్సింగ్. ఆయన అందులో ఇంజినీరింగ్ వైస్ ప్రెసిడెంట్.

నిజానికి ఆ ఐదేళ్లే లాన్సింగ్ జీవితంలో నిశ్చింతగా గడిచిన కాలం అనిపిస్తుంది. జీతం వచ్చేది, అప్పుల గొడవ లేదు, పని మాత్రమే. స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాడిన 604 డ్యూప్లెక్స్, సినిమా హాళ్ల కోసం చేసిన వాయిస్ ఆఫ్ ది థియేటర్ సిస్టమ్ ఆ కాలంలోవే. అయినా ఆయన ఉండలేదు. కాంట్రాక్ట్ అయిపోగానే 1946లో బయటికొచ్చి మళ్లీ సొంత కంపెనీ పెట్టారు. ఎందుకు? ఇంట్లో పెట్టుకునే స్పీకర్‌ను తనకు నచ్చినట్టు చేయాలని పట్టుదల. వ్యాపారం తన వల్ల కాదని ఒకసారి తేలిపోయాక కూడా!

సొంత పేరు మీదే గొడవ

కొత్త కంపెనీకి లాన్సింగ్ అనే మాట ముందు పెట్టుకుంటే ఆల్టెక్ అభ్యంతరం చెప్పింది. ఆ పేరు మేం కొనుక్కున్నాం అన్నది వాళ్ల వాదన. చివరికి జేమ్స్ బి లాన్సింగ్ సౌండ్ అని పూర్తి పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పొడుగు పేరు పొట్టిగా మారే జేబీఎల్ అయింది. అంటే ఇవాళ మనం చూసే మూడక్షరాలు ఓ తగాదాలోంచి పుట్టాయన్నమాట.

ఆ కంపెనీ నుంచి 1947లో వచ్చిన డీ130 స్పీకర్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. స్పీకర్ లోపల ఓ తీగ చుట్ట ఉంటుంది, దాన్నే వాయిస్ కాయిల్ అంటారు. పాట కరెంటు రూపంలో ఆ చుట్టలోకి వస్తే, అయస్కాంతం మధ్యలో అది ముందుకీ వెనక్కీ కదిలి కోన్‌ను నెడుతుంది. ఆ కదలికే మనకు వినిపించే శబ్దం. మామూలుగా గుండ్రటి తీగ చుడతారు. గుండ్రటి తీగల మధ్య ఎంతో కొంత ఖాళీ ఉండిపోతుంది, ఆ ఖాళీ వల్ల బలం వృథా. లాన్సింగ్ ఏం చేశారంటే, బల్లపరుపు అల్యూమినియం రిబ్బన్‌ను అంచు మీద నిలబెట్టి చుట్టారు. ఖాళీ తగ్గింది. పైగా ఆ చుట్ట వ్యాసం ఏకంగా నాలుగు అంగుళాలు. పదిహేను అంగుళాల స్పీకర్‌కు అప్పట్లో అది చాలా పెద్ద సైజు. దాంతో చిన్న ఆంప్లిఫయర్ పెట్టినా సౌండ్ గట్టిగా, స్పష్టంగా వచ్చేది. తర్వాతి కాలంలో లియో ఫెండర్ తన గిటార్ ఆంప్లిఫయర్లలో ఇదే స్పీకర్ వాడారు.

వస్తువు అద్భుతం, లెక్కలు అధ్వానం. 1948లో మార్క్వార్ట్ అనే విమాన కంపెనీ పెట్టుబడి పెట్టింది. ఏడాది తిరిగేలోపే ఆ కంపెనీ చేతులు మారింది, లాన్సింగ్ మళ్లీ ఒంటరయ్యారు. 1949 నాటికి అప్పు సుమారు 20 వేల డాలర్లు. ఆ సెప్టెంబర్‌లో ఆయన తన తోటలో ప్రాణం తీసుకున్నారు.

ఆయన పేరున 10 వేల డాలర్ల జీవిత బీమా ఉంది. ఆ డబ్బు ఇంటికి కాదు, కంపెనీకి వచ్చేలా రాసి ఉంది. ఆ సొమ్ముతోనే కంపెనీ మూతపడకుండా నిలబడింది. మార్క్వార్ట్ తరఫున వచ్చి అప్పటికే లాన్సింగ్ మనిషైపోయిన బిల్ థామస్ పగ్గాలు తీసుకున్నారు. గ్లెన్నా వాటా కూడా కొని, దాదాపు ఇరవై ఏళ్లు నడిపించారు. 1969లో సిడ్నీ హర్మన్ చేతికి అమ్మేశారు. ఇప్పుడు ఆ హర్మన్ కంపెనీ శాంసంగ్‌ది, 2017లో సుమారు 8 బిలియన్ డాలర్లకు కొన్నారు. 20 వేల డాలర్ల అప్పు తీరక పోయిన మనిషి పేరు అందులో ఒకటి.

పాత ఎల్100.. కొత్త ఎల్100.. ఏది బెటర్?

ఇక ఆ పంచాయితీ సంగతి. స్టూడియోల్లో వాడే 4310 మానిటర్‌ను ఇళ్లకు సరిపోయేలా మార్చి 1970లో ఎల్100 సెంచురీ తెచ్చారు. ముందు గళ్లుగళ్లుగా ఆరెంజ్ ఫోమ్ గ్రిల్, వెనక తెల్లటి పన్నెండు అంగుళాల వూఫర్. ఒక్కోటి అప్పట్లో 273 డాలర్లు. డెబ్బైల్లో కంపెనీకి బాగా డబ్బు తెచ్చిపెట్టిన మోడల్ ఇదే. కుర్చీలో కూర్చున్న మనిషి జుట్టు, టై సౌండ్‌కు వెనక్కి ఎగిరిపోయే మాక్సెల్ క్యాసెట్ యాడ్ చూశారా? అందులో ఉన్నది కూడా ఎల్100 స్పీకరే.

2018 మోడల్ పేరు ఎల్100 క్లాసిక్. వచ్చినప్పుడు జత ధర 4 వేల డాలర్లు ఉండేది. దూరం నుంచి చూస్తే రెండింటికీ తేడా తెలీదు. అదే వాల్‌నట్ బాక్స్, అదే గళ్ల ఫోమ్, అదే తెల్ల వూఫర్, మిడ్, హై తగ్గించుకునే రెండు నాబ్‌లు. దగ్గరికెళ్తే కథ మారుతుంది. పాతదాంట్లో పై స్వరాలకు 1.4 అంగుళాల కాగితపు కోన్ ట్వీటర్, కొత్తదాంట్లో ఒక అంగుళం టైటానియం డోమ్. పాతదాంట్లో వూఫర్‌ను దాదాపు అడ్డూఅదుపూ లేకుండా వదిలేశారు, మిడ్ డ్రైవర్ 1,500 హెర్ట్జ్ దగ్గర అందుకునేది. అంటే పాటగాడి గొంతులో చాలా భాగం ఆ పెద్ద వూఫరే పాడేది. కొత్తదాంట్లో వూఫర్ 450 హెర్ట్జ్ దగ్గరే తప్పుకుంటుంది, గొంతులో చాలా భాగం చిన్న మిడ్ డ్రైవర్ చూసుకుంటుంది.

ఈ ఒక్క తేడాలోనే సగం పంచాయితీ ఉంది. పాతది మీదికి దూకినట్టు ఉంటుంది, రాక్ పాటలకు, డప్పు దరువులకు ఊపు వస్తుంది, కానీ గంటసేపు వింటే చెవులు అలిసిపోతాయి. కొత్తది నిదానం, గొంతు శుభ్రం, బేస్ అదుపులో ఉంటుంది. లెక్క ప్రకారం కొత్తదే మెరుగు, అందులో అనుమానం లేదు. కానీ పాతదాన్ని ప్రేమించేవాళ్లు ప్రేమించేది ఆ దూకుడునే. దాన్ని సరిచేస్తే వాళ్లకు అది ఎల్100 కాదు. పైగా పాతది కొనేవాళ్లకు ఇంకో చిక్కు. అసలు ఫోమ్ గ్రిల్ ఏళ్లు గడిచేకొద్దీ ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది, నాబ్‌లు తిప్పితే గరగరమంటాయి, కెపాసిటర్లు మార్చాల్సి వస్తుంది. అవన్నీ మార్చాక అందులో అసలైనది ఎంత మిగిలిందన్నది ఇంకో పంచాయితీ.

అయినా ఈ రెండింటిలో దేన్నీ లాన్సింగ్ చూడలేదు. పాత ఎల్100 వచ్చేనాటికే ఆయన పోయి 21 ఏళ్లు. ఆయన చేతిపని కావాలంటే వెతకాల్సింది డీ130ని. పేపర్ కోన్, వెనక బరువైన అల్నికో అయస్కాంతం, అంచు మీద నిలబెట్టి చుట్టిన ఆ రిబ్బన్. దాన్ని కంపెనీ దశాబ్దాల పాటు ఆపకుండా తయారు చేసింది. 2021లో కంపెనీకి 75 ఏళ్లు నిండితే ఎల్100 క్లాసిక్ 75 పేరుతో 750 జతలు మాత్రమే చేసి అమ్మారు. లెక్క మొదలుపెట్టింది 1946 నుంచి, అంటే ఆయన ఆల్టెక్ వదిలి బయటికొచ్చిన ఏడాది నుంచి.

ఇటు జనగామలోనో, మహబూబాబాద్‌లోనో రాత్రి 10 కొట్టగానే పోలీసులొచ్చి బాక్సులు ఆపిస్తారు. లైట్లు ఆర్పేసి, బండి సర్దుకునేటప్పుడు కూడా ఆ మూడక్షరాలు మాత్రం కనబడుతూనే ఉంటాయి.